నాకు పనిచేసింది, మీరూ వాడండి: ఒక ఇన్‌సోల్ ఐదుగురి దాకా వెళ్లిన కేసు

నేను ఫిజియోథెరపిస్టుని. పాదాల నొప్పులతో వచ్చేవాళ్లనే ఎక్కువగా చూస్తుంటాను. ఈ కేసులో వైద్యం పరంగా విశేషమేమీ లేదు. మొదటి పేషెంటుకి వచ్చింది మడమ నొప్పుల్లోకెల్లా మామూలుది, తగ్గడం కూడా మామూలుగానే తగ్గింది. ఆ తర్వాత జరిగినదాని గురించే ఇదంతా రాస్తున్నాను. ఆమెకి నేను చెప్పిన ఇన్‌సోల్, అంటే బూటు లోపల పాదం కింద పెట్టుకునే అట్ట, అప్పటికి నా గది గుమ్మం కూడా తొక్కని మరో నలుగురి బూట్లలోకి చేరింది. వాళ్లలో ఒకరి కాలికి పుండు పడింది. ఎవరినీ గుర్తుపట్టే వీలు లేకుండా వివరాలు మార్చాను. ప్రొడక్టు పేరు రాయడం లేదు, ఎందుకంటే ఇందులో దాని తప్పేమీ లేదు.

మొదటి పేషెంటు

46 ఏళ్ల టీచర్. రోజూ ఐదారు గంటలు గట్టి నేల మీద నిలబడే పని. నాలుగు నెలలుగా కుడి మడమ నొప్పి. "పొద్దున్నే మంచం దిగి కాలు కింద పెడితే ప్రాణం పోయినంత పనవుతుంది డాక్టర్ గారూ. పది అడుగులు వేస్తే సర్దుకుంటుంది. మళ్లీ స్టాఫ్‌రూమ్‌లో కాసేపు కూర్చుని లేచానా, అదే కథ" అన్నారు. సగం రోగనిర్ధారణ ఈ మాటల్లోనే ఉంది. అరికాలి కింద మడమ నుంచి వేళ్ల మొదళ్ల దాకా ఒక గట్టి పొర ఉంటుంది, దాన్ని ప్లాంటార్ ఫాసియా అంటాం. రాత్రంతా పాదం కిందికి వాలి ఉంటుంది కాబట్టి అది బిగుసుకుపోతుంది. పొద్దున మొదటి అడుగు దాన్ని ఒక్కసారిగా లాగుతుంది.

మడమ కింద లోపలి అంచున వేలితో నొక్కితే ఉలిక్కిపడ్డారు. నిలబెట్టి కాలి బొటనవేలిని పైకెత్తితే సరిగ్గా అక్కడే నొప్పి. బొటనవేలు లేచినప్పుడు ఫాసియా బిగిసి పాదం వంపు పైకి లేస్తుంది. 1954లో హిక్స్ అనే ఆయన దీన్ని తాడు చుట్టే రాట్నంతో పోల్చారు. ఈ పరీక్షకి విండ్‌లాస్ అన్న పేరు అలా వచ్చింది. మడమను రెండు పక్కల నుంచీ అరచేతులతో అదిమి చూశాను, నొప్పి లేదు. అంటే ఎముకలో సన్నటి పగులు ఉండే అవకాశం తక్కువ. మోకాలు చాచి పాదాన్ని పైకి వంచబోతే పిక్క బాగా బిగుసుగా ఉంది. తిమ్మిర్లు లేవు, షుగర్ లేదు, పాదం మీద నాడి బాగానే అందుతోంది. ఈ చివరి మూడూ అప్పుడు నేను ఒక్క లైనులో రాసేసుకున్న విషయాలు. తర్వాత ఈ కథంతా తిరిగింది వాటి చుట్టూనే.

వైద్యంలో ముఖ్యమైన భాగం వ్యాయామం. మెట్టు అంచున నిలబడి, వేళ్ల కింద మడతపెట్టిన టవల్ పెట్టుకుని, మడమలు నెమ్మదిగా ఎత్తి దించడం, రోజు విడిచి రోజు. 2014లో వచ్చిన డెన్మార్క్ ట్రయల్‌లో 48 మందిని రెండు గుంపులు చేసి చూశారు. ఈ వ్యాయామం చేసినవాళ్లు మూడో నెలకల్లా, ఉత్త సాగదీత వ్యాయామాలు చేసినవాళ్లకన్నా బాగా మెరుగుపడ్డారు. ఏడాది నాటికి రెండు గుంపులూ ఒకచోటికే చేరాయి. ఇందులో నాకు నచ్చే సంగతి ఇంకోటుంది. ఇన్‌సోల్స్ రెండు గుంపులకూ ఇచ్చారు, తేడా తెచ్చింది మాత్రం వ్యాయామం. దీంతోపాటు, పొద్దున్న మంచం దిగే ముందే కాలివేళ్లను వెనక్కి లాగి పది సెకన్లు పట్టుకోమని, అలా పది సార్లు చేయమని చెప్పాను. క్లాసు మధ్యలో వీలైతే కూర్చోమన్నాను. ఇంట్లో ఉత్త కాళ్లతో తిరగొద్దన్నాను.

చివర్న ఇన్‌సోల్. ముప్పావు పొడవుది, వంపు దగ్గర కాస్త గట్టిగా, మడమ దగ్గర గిన్నెలా లోతుగా ఉండేది. "అచ్చు తీయించి చేయించుకోవాలా?" అని అడిగారు. అక్కర్లేదన్నాను. 2006లో ఆస్ట్రేలియాలో 135 మంది మీద జరిగిన ట్రయల్‌లో రెడీమేడ్ ఇన్‌సోల్‌ని, అచ్చు తీసి చేసినదాన్ని, పేరుకి పెట్టిన మెత్తటి నురుగు ముక్కని పోల్చి చూశారు. మొదటి రెండూ మూడు నెలలకు కాస్త మేలు చేశాయి, ఏడాదికి మూడింటి మధ్యా చెప్పుకోదగ్గ తేడా లేదు. అలాంటప్పుడు చేయించుకోమని చెప్పడానికి నాకు మనసొప్పదు.

మొదట పదికి ఏడుగా ఉన్న నొప్పి ఆరు వారాలకు మూడైంది, పన్నెండు వారాలకు ఒకటి. "ఆ ఇన్‌సోల్ ఏం మాయ చేసిందో గానీ, మళ్లీ మనిషినయ్యాను" అన్నారు. మెట్టు మీద మడమలు ఎత్తిన పన్నెండు వారాలూ ఆ మాటలో ఎక్కడా లేవు.

ఆమెను తప్పుపట్టలేను. వ్యాయామం ఇంట్లో ఎవరూ చూడకుండా జరిగేది, చూపించడానికి ఏమీ ఉండదు. ఇన్‌సోల్ బూటులోంచి తీసి బల్ల మీద పెట్టి చూపించొచ్చు. పైగా నేనిచ్చిన చీటీ ఎలా ఉందంటే, ప్రొడక్టు పేరూ సైజూ పెద్దక్షరాల్లో రాసి కింద గీత కూడా గీశాను. ఎందుకు, ఎవరికి, ఎన్నాళ్లు అన్నవేవీ లేవు. వ్యాయామాలు నోటితో చెప్పి చేయించి చూపించాను. కాగితం మీద మిగిలింది పేరొక్కటే.

స్టాఫ్‌రూమ్‌కి వెళ్లిన చీటీ

రెండు నెలల్లో నలుగురు అదే కొన్నారు, లేదా అదే అనుకున్నది కొన్నారు.

ఒకరు తోటి టీచర్, ఆమెదీ అదే నొప్పి, ఆమెకి తగ్గింది. ఇన్‌సోల్ వల్లేనా అంటే చెప్పలేను. ఈ నొప్పి చాలామందికి ఏడాదిలోపు దానంతటదే తగ్గుతుంది. అయినా ఆ విజయం మిగతా ముగ్గురినీ నమ్మించింది. ఒకరికి పనిచేస్తే కాకతాళీయం అనుకుంటాం, ఇద్దరికి పనిచేస్తే "గ్యారంటీ" అంటాం.

రెండో ఆవిడ రిటైర్‌మెంట్‌కి దగ్గరపడ్డ సీనియర్. ఆవిడకీ మడమ నొప్పే. అయితే పొద్దున్న బాగుంటుంది, సాయంత్రానికి మొదలవుతుంది. నొప్పి లోపలి అంచున కాదు, మడమ నట్టనడుమ. గట్టి నేల మీద చెప్పుల్లేకుండా నడిస్తే రాయి మీద అడుగేసినట్టుంటుందన్నారు. తర్వాత నేను చూసినప్పుడు మడమ కింది కొవ్వు దిండు బాగా పల్చబడి, వేలితో నొక్కితే ఎముక తగులుతోంది. వయసుతో వచ్చే మార్పే. ఆవిడకి కావలసింది వంపు దగ్గర గట్టిదనం కాదు, మడమ కింద మెత్తదనం. ఈ ఇన్‌సోల్ వేసుకున్న రెండో రోజు నుంచే నొప్పి పెరిగింది. అయినా మూడు వారాలు వాడారు. ఎందుకని అడిగితే, "పాపం, నా మంచి కోరి చెప్పింది. తీసేశానని తెలిస్తే చిన్నబుచ్చుకుంటుందని" అన్నారు. పక్కవాళ్లు ప్రేమతో చెప్పిన వస్తువుని వదిలేయడం డాక్టర్ రాసినదాన్ని వదిలేయడం కన్నా కష్టం. డాక్టర్‌తో రోజూ కలిసి కూర్చోం కదా.

మూడో వ్యక్తి ల్యాబ్‌లో పనిచేసే కుర్రాడు. అతనిది అసలు మడమ నొప్పే కాదు. మూడో వేలికీ నాలుగో వేలికీ మధ్య మంట, బూటు విప్పేస్తే హాయి. వేళ్ల మధ్య నరం ఒత్తుకుపోయి ఉబ్బినప్పుడు వచ్చే లక్షణం ఇది, మార్టన్స్ న్యూరోమా అంటారు. పైగా చీటీలో రాసిన రకం దొరక్క "అదే కంపెనీది" పూర్తి పొడవుది కొన్నాడు. బూటులో ముందే ఉన్న అట్టను తీయకుండా దాని మీదే పెట్టాడు. పాదం పైకి లేచింది, అసలే ఇరుకైన ముందు భాగం ఇంకా ఇరుకైంది. అతనికి నేను కొత్తగా ఏ ఇన్‌సోలూ చెప్పలేదు. ముందు వెడల్పున్న బూట్లు కొనుక్కోమన్నాను. సాయంత్రం పూట, పాదాలు కాస్త ఉబ్బి ఉన్నప్పుడు, నిలబడి కొలత తీసుకోమన్నాను. రెండు పాదాల్లో పెద్దదానికి సరిపోయేలా, పొడవైన వేలి ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండేలా చూసుకోమన్నాను. ఆ తర్వాత మెటటార్సల్ ప్యాడ్, అంటే పాదం ముందు భాగం కింద ఆనే చిన్న దిండు, ఒకటి నేనే అతికించాను. అది వేళ్ల మొదళ్లకి కాస్త వెనక ఉండాలి. ముందుకు జరిగి సరిగ్గా మొదళ్ల కిందకొస్తే ఉన్న నొప్పి రెట్టింపవుతుంది. చాలామంది ఇంట్లో అతికించుకుని "ఇదీ పనిచేయలేదు" అని పారేసేది అందుకే.

నాలుగో ఆయన

ఇంకో టీచర్ భర్త, 58 ఏళ్లు. పద్నాలుగేళ్లుగా షుగర్. "అరికాళ్లు దూది మీద నడిచినట్టున్నాయమ్మా, రాత్రిళ్లు మంటలు" అని ఒకరోజు మాటల్లో అన్నారట. మన టీచరమ్మ కొత్త జత తనే కొని తెచ్చి ఇచ్చింది. "అన్నయ్య గారూ, నా మాట విని ఇది వేసి చూడండి, పది రోజుల్లో తేడా మీకే తెలుస్తుంది" అంది.

ఆయన తొలిరోజు నుంచే పొద్దున్న వేసుకుని రాత్రి విప్పారు. అయిదో రోజు భార్య బట్టలు ఉతకబోతూ సాక్సు మీద మరక చూసింది. ఎడమ పాదం వంపు దగ్గర, ఇన్‌సోల్ అంచు ఒరుసుకునే చోట, రెండు సెంటీమీటర్ల బొబ్బ చితికి పుండైంది. నా దగ్గరికి తీసుకొచ్చింది టీచరమ్మే. ఆయన మాత్రం తాపీగా ఉన్నారు. "నొప్పేమీ లేదండీ. నొప్పి లేదంటే సరిపోయిందనే అనుకున్నా" అన్నారు.

ఆ మాట విని నేను కాసేపు ఏమీ అనలేకపోయాను. ఎందుకంటే అందరికీ నేను చెప్పే సూత్రమే అది. వేసుకుంటే హాయిగా ఉండాలి, ఒరిస్తే తీసేయండి అంటాను. ఆ సూత్రం ఒరుపు తెలిసే పాదానికే పనికొస్తుంది. 10 గ్రాముల మోనోఫిలమెంట్ అని నైలాన్ పోగు లాంటిది ఒకటుంటుంది. దాన్ని చర్మానికి ఆనించి వంగేదాకా నొక్కితే సరిగ్గా అంత బరువు పడుతుంది. ఆయన కళ్లు మూసుకున్నారు. బొటనవేలి కింద, వేళ్ల మొదళ్ల కింద పెట్టాను, ఏమీ తెలియలేదు. అదురు తెలుస్తోందో లేదో చూడటానికి 128 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్క్, అంటే కొడితే అదిరే లోహపు కవ్వ, మోగించి బొటనవేలి మీద ఆనించాను. "పెట్టారా?" అని అడిగారు. నాడి అందుతోంది, అదొక్కటే ఊరట.

కుష్ఠు రోగుల చేతులకూ కాళ్లకూ శస్త్రచికిత్సలు చేసిన డాక్టర్ పాల్ బ్రాండ్ దశాబ్దాల క్రితమే ఇది గమనించారు. వాళ్ల పాదాలు పాడైపోవడానికి పెద్ద కారణం ఒళ్లు కుళ్లిపోవడం కాదు, నొప్పి తెలియకపోవడం. దెబ్బ తగిలిన పాదం మీదే, ఏమీ కానట్టు, మళ్లీ మళ్లీ నడవడం. షుగర్ వల్ల నరాలు దెబ్బతిన్న పాదానిదీ అదే పరిస్థితి. ఈయన "దూది మీద నడిచినట్టుంది" అన్నప్పుడు వినాల్సింది ఆ మాటని. విన్నవాళ్లకి అది "కాళ్ల ఇబ్బంది" అనే తోచింది, దానికి మందు తన దగ్గరుందనీ తోచింది.

అదే రోజు షుగర్ పాదాలు చూసే డాక్టర్ దగ్గరికి పంపాను. ఆ చోట బరువు పడకుండా ఏర్పాటు చేసి, పుండు శుభ్రం చేసి, వారం వారం చూశారు. ఇన్ఫెక్షన్ లోపలికి పోలేదు. అయిదు వారాలకు మానింది. ఆయనకి ఇప్పుడున్నవి లోతు ఎక్కువగా, లోపల కుట్లేమీ తగలకుండా, మెత్తటి అస్తరుతో చేసిన బూట్లు. వాటిని కూడా మొదట రోజుకి గంట మాత్రమే వేసుకుని, విప్పగానే అద్దంలో అరికాలు చూసుకునేవారు. ఎర్రబడిన చోటు కనిపిస్తే ఫోన్ చేసేవారు. రెండుసార్లు చేశారు కూడా.

హాయి అన్న కొలత

ఈ కేసు తర్వాత నన్ను ఎక్కువగా తొలిచిన సంగతి ఇదే. ఇన్‌సోల్స్, బూట్ల విషయంలో హాయిగా ఉండటమన్నది చిన్న ప్రమాణమేమీ కాదు. 2001లో వచ్చిన ఒక అధ్యయనంలో 206 మంది సైనికులకు ఆరు రకాల ఇన్‌సోల్స్ ఇచ్చి, తమకు హాయిగా ఉన్నది ఎంచుకోమన్నారు. అందరూ ఒకటే ఎంచుకోలేదు. నాలుగు నెలలు గడిచేసరికి, ఎంచుకున్నవి వాడినవాళ్లలో ఎముక పగుళ్లు, నొప్పులు ఇన్‌సోల్ లేనివాళ్లకన్నా తక్కువగా కనిపించాయి. దీనికి తిరగేసిన ప్రయోగం కూడా ఉంది. అమెరికా సైన్యంలో, వైమానిక దళంలో, మెరైన్ దళంలో కొత్తగా చేరినవాళ్లకి పాదం వంపు ఎత్తుని బట్టి ఇలాంటి వంపుకి ఇలాంటి బూటు అని ఇచ్చి చూశారు. 2009, 2010లో ఫలితాలు వచ్చాయి. వంపు చూడకుండా అందరికీ ఒకే రకం ఇచ్చినవాళ్లతో పోలిస్తే గాయాలేమీ తగ్గలేదు. తడి కాలి ముద్ర చూసి "మీది చదును పాదం, ఇది కొనండి" అనే సలహాని నేను మానేసింది ఇవి చదివాకే.

అంటే నిపుణుడు పాదాన్ని చూసి చెప్పేదానికన్నా వేసుకున్నవాడి ఒంటికి తెలిసేదే నమ్మదగినది, చాలామటుకు. మరి నాకు తెలిసిన హాయిని ఇంకొకరికి ఎలా సిఫారసు చేయను? అది నా పాదానికి, నా బూటులో, నా బరువు కింద పుట్టింది. ఆ తెలిసే శక్తే పోయినవాడికి అయితే, వాడి చూడండి అన్న మాటే ప్రమాదం. టీచరమ్మ చేసిన సిఫారసులో దురుద్దేశం లేదు, అబద్ధమూ లేదు. తనకి పనిచేసింది, ఆ మాటే చెప్పింది. కానీ నేను పరీక్షలో రాసుకున్న ఆ ఒక్క లైను, తిమ్మిర్లు లేవు, షుగర్ లేదు, నాడి అందుతోంది అన్నది, ఆమెకి నేను ఎప్పుడూ చెప్పలేదు. ఆమెకి ఇన్‌సోల్ చెప్పడానికి అదే నాకున్న లైసెన్సు. అది లేకుండానే పేరు బయటికి పోయింది.

ఆమెతో మాట్లాడటం

ఇది పుండుకన్నా కష్టమైంది. "నా వల్లే కదా డాక్టర్ గారూ" అంటూ కళ్లనీళ్లు పెట్టుకున్నారు. కాదని ఓదార్చవచ్చు, అది నిజం కాదు. అవునంటే ఇక జన్మలో ఎవరికీ ఏమీ చెప్పరు, అదీ మంచిది కాదు. మొదటి ఆవిడకి, అదే నొప్పి ఉన్న టీచర్‌కి, పొద్దున్న అడుగు గురించి చెప్పి నా దగ్గరికి పంపింది ఈమేగా. "సగం నాది" అన్నాను. "ఆ చీటీ రాసింది నేను."

కూర్చుని ఇద్దరం ఆ చీటీని మళ్లీ రాశాం. ప్రొడక్టు పేరు ఇప్పుడు కింద, మామూలు అక్షరాల్లో ఉంటుంది. పైన నొప్పి ఎక్కడ, ఎప్పుడు అన్నది. తర్వాత వ్యాయామం. షుగర్ ఉన్నా, పాదాల్లో తిమ్మిరి ఉన్నా, కాలికి రక్తప్రసరణ సరిగా లేదని చెప్పి ఉన్నా ఇది వాడొద్దని ఒక లైను. కంప్రెషన్ సాక్సులు రాసేటప్పుడు కూడా ఈ లైను పెడుతున్నాను, ఎందుకంటే రక్తనాళాలు పూడుకుపోయిన కాలికి బిగుతు సాక్సు హాని చేయగలదు. బూటులో ఉన్న అట్ట తీసి పెట్టమని, మొదటిరోజు గంటే వేసుకోమని, ఎన్ని నెలలకి మానేయొచ్చో కూడా ఉంటుంది. చీటీ నిండిపోయింది. అందంగా లేదు, ఫోటో తీసి పంపుకోవడానికి అంత వీలుగానూ లేదు. నాకది పరవాలేదనిపించింది.

నేను మారిపోయానని చెప్పుకోను. బంధువులు ఫోన్‌లో "ఆ కథంతా వద్దు పిన్నీ, మంచి చెప్పులేవో పేరు చెప్పు చాలు" అంటే ఇప్పటికీ నోటి చివరికి ఏదో పేరు వస్తుంది. చెప్పకపోతే తెలియదనుకుంటారు, లేదంటే గొప్పలు పోతున్నాననుకుంటారు. "ఎప్పుడు నొప్పి? ఎక్కడ? షుగర్ ఉందా?" అని అడగడం మొదలుపెడితే అవతల విసుగు వినిపిస్తుంది. ఆ విసుగుని భరించడం కొంత అలవాటైంది, అంతే. కంపెనీల వాళ్లు కమీషన్ ఇస్తామని వస్తుంటారు. దాన్ని వద్దనడం తేలిక. మనవాళ్లు ప్రేమగా అడిగిన పేరుని చెప్పకుండా ఉండటమే అన్నిటికన్నా కష్టం.

ఏడు నెలల తర్వాత టీచరమ్మ మళ్లీ వచ్చారు. నొప్పి లేదు. ఇన్‌సోల్ చూపించారు, మడమ దగ్గర అణిగిపోయి కాగితంలా ఉంది. కొత్త జత రాసివ్వమన్నారు. మడమ నొక్కి చూశాను, బొటనవేలు ఎత్తి చూశాను, ఒంటికాలి మీద పాతికసార్లు మడమ ఎత్తించాను. ఇక అవసరం లేదన్నాను.

"ఉండనివ్వండి డాక్టర్ గారూ, బూటులో ఉందంటే అదో ధైర్యం" అన్నారు.

హాని లేదు కాబట్టి ఒప్పుకుని చీటీ రాస్తున్నాను. ఆమె వంగి చూసి, "పైన నా పేరు, వయసు కూడా రాయండి. ఎవరైనా ఫోటో తీసుకుంటామంటే, ఇది నా కాలికి రాసిచ్చింది, మీ కాలు చూపించుకోండి అని చెప్తాను" అన్నారు.

రాశాను, పెద్దక్షరాల్లో.